ముందస్తు పఠనం కేసు

నీలాద్రివలస హైస్కూల్లో గాజు తలుపుల బీరువా ఒకటుంది. దాని నిండా పిల్లల పుస్తకాలు. తాళంచెవి తెలుగు టీచరు కళావతి హ్యాండ్‌బ్యాగులో ఉండేది. శనివారం ఆఖరి పీరియడు మొదలవగానే ఆవిడ బీరువా తెరిచి "రండర్రా" అనేది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతూ వచ్చి చేతికందింది పట్టుకుపోయేవాళ్లు. నచ్చితే రాత్రికి రాత్రే పూర్తిచేసేవాళ్లు. నచ్చకపోతే మరో శనివారం మార్చుకునేవాళ్లు. కొన్ని పుస్తకాలు పప్పు మరకలతో తిరిగొచ్చేవి, కొన్ని అట్టలు ఊడి వచ్చేవి, ఒకటి మేక నమిలిన మూలతో వచ్చింది.

ఈ పద్ధతిలో ఉన్న పెద్ద లోపం ఏమిటంటే, ఇందులో పద్ధతంటూ ఏమీ లేదు. ఆ సంగతి పైవాళ్ల దృష్టికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ ఏడు, రాష్ట్రంలో పిల్లలు పుస్తకాలు చదవడం లేదని పెద్దలెవరో కనిపెట్టారు. వెంటనే పఠన వికాస విభాగం అని ఒకటి పుట్టింది. దానికి ఆఫీసు, ఆఫీసుకి జీపు, జీపులో ఒక అధికారి ఏర్పడ్డారు. ఆ అధికారి పేరు భానోజీరావు. ఆయన జిల్లాలోని తెలుగు టీచర్లందరినీ శిక్షణకి పిలిపించి, మైకు ముందు నిలబడి ఇలా సెలవిచ్చారు.

"ఇంతకాలం మనం పిల్లలకు పుస్తకాలు ఇచ్చాం. అదే మనం చేసిన తప్పు. ఇకమీదట పుస్తకాన్ని ఎంచుకునే సామర్థ్యాన్ని ఇవ్వబోతున్నాం. ప్రతి తరగతిలోనూ పుస్తక మిత్ర మండళ్లు ఏర్పాటు చేయబడును. ప్రతి మండలీ స్వయంగా పరిశోధన జరిపి, తమకు తగిన పుస్తకాన్ని ఎంపిక చేసుకొనవలెను. ఆ పిమ్మట అందరూ కలిసి చదివి చర్చించుకొనవలెను."

కళావతికి ఆ మాట నిజంగానే నచ్చింది. పిల్లలే వెతుక్కుని, వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని, ఇష్టమైంది చదువుకుంటారంటే అంతకన్నా ఏం కావాలి? ఆవిడ లేచి నిలబడి ఉత్సాహంగా అడిగింది.

"అయితే పిల్లలు బీరువాలోంచి పుస్తకాలు తీసి, నాలుగు పేజీలు తిరగేసి చూసుకోవచ్చా సార్?"

భానోజీరావు గారు జాలిగా నవ్వారు. "పోలింగు జరగకుండానే ఓట్లు లెక్కపెడతామా అమ్మా? ఎంపికకు ముందే చదివేస్తే ఆ విద్యార్థికి ఆ పుస్తకం పట్ల ఒక అభిప్రాయం ఏర్పడే ప్రమాదం ఉంది. అభిప్రాయం ఏర్పడినవాడు నిష్పాక్షికంగా ఎలా ఎంపిక చేస్తాడు?"

"మరి దేన్ని చూసి ఎంచుకోవాలి సార్?"

"పరిశోధన చూసి."

అంతట్లో టీ వచ్చింది. తర్కం అక్కడితో ఆగింది.

నీలాద్రివలస హెడ్మాస్టరు కూర్మారావు గారు చెడ్డవాడు కాదు. పిల్లల మీద చెయ్యెత్తి ఎరగడు. మధ్యాహ్న భోజనంలో ఉప్పు తక్కువైతే వంటవాళ్లతో తనే పోట్లాడేవాడు. కాకపోతే పైనుంచి కాగితం వస్తే మాత్రం ఆయనకి ఒళ్లు వణికేది. ఎంపికకు ముందు చదవరాదన్న మాట వినగానే ఆయన లక్క తెప్పించి, కరిగించి, కళావతి చేతే బీరువా తాళం మీద పోయించి, స్కూలు ముద్ర వేయించాడు.

"ఎందుకండీ ఇదంతా? నేను తాళం వేసి ఉంచుతానుగా" అంది కళావతి.

"మీ మీద నమ్మకం లేక కాదమ్మా. పుస్తకాల మీద నమ్మకం లేక. తెరిచి ఉంటే ఎవడో ఒకడు చదివేస్తాడు."

మర్నాటి నుంచి పరిశోధన మొదలైంది. పిల్లలు మండళ్లుగా వచ్చి గాజు తలుపులకి ముక్కులు ఆనించి నిలబడేవాళ్లు. ఏ పుస్తకం లావు, ఏది సన్నం, దేని అట్ట ఏ రంగు, ఏ పేరులో ఎన్ని ఒత్తులున్నాయి అని చూసి చార్టుల మీద రాసేవాళ్లు. వెనక అట్ట కనపడే పుస్తకం ఒకే ఒక్కటుంది. దాని మీద రచయిత ఫోటో ఉండటంతో పిల్లలు దాని చుట్టూ మూగేవాళ్లు. "ఈ రచయితకు గుబురు మీసాలు గలవు. కావున ఇందులో యుద్ధం ఉండవచ్చును" అని ఆరో తరగతి మండలి ఒకటి తేల్చింది. "పక్కపక్కన ఉన్న రెండు పుస్తకాలూ స్నేహంగా ఉన్నట్టు కనిపిస్తున్నవి" అని ఇంకో మండలి రాసింది. కళావతి అక్షర దోషాలు దిద్ది సంతకం పెట్టింది. అంతకన్నా ఏం చెయ్యాలో ఆవిడకి తోచలేదు.

ఎనిమిదో తరగతి మండలి ఒకటి వారం తిరక్కుండా పుస్తకం ఎంచేసుకుంది. కూర్మారావు గారు పొంగిపోయి ఆ శుభవార్త పైకి పంపాడు. తిరుగు టపాలో చీవాట్లు వచ్చాయి. పొరుగు మండలాల్లో పరిశోధన లోతుగా సాగుతుండగా ఈ పాఠశాలలో తొందరపాటు ఎంపిక జరగడం విచారకరమనీ, ఎంపిక జరిగిన మరుక్షణం పరిశోధన ఆగిపోతుంది గనక ఎంపికలు ఎంత తగ్గితే పరిశోధన అంత పెరుగుతుందనీ దాని సారాంశం. కూర్మారావు గారు ఆ మండలిని పిలిచి, ఎంచుకున్నది వెనక్కి తీసుకోమని బతిమాలాడు. పిల్లలు వెళ్లి మళ్లీ గాజుకి ముక్కులు ఆనించారు.

దీపావళి నాటికి ఆ స్కూలు జిల్లాకే ఆదర్శమైంది. బయటి మండలాల హెడ్మాస్టర్లు ఆటోలు కట్టించుకుని వచ్చి, గాజు మీద పిల్లల ముక్కుల ముద్రలు చూసి మెచ్చుకుని వెళ్లేవాళ్లు. వాళ్లలో ఒకాయన కొంచెం అమాయకుడు. "ఇంతకీ వీళ్లు చదివేదెప్పుడండీ?" అని అడిగాడు. పక్కనే ఉన్న భానోజీరావు గారు, "అది రెండో దశ. రెండో దశ మార్గదర్శకాలు పరిశీలనలో ఉన్నవి" అన్నారు. అడిగినాయన సిగ్గుపడ్డాడు.

శనివారం ఆఖరి పీరియడు ఇప్పుడు ఎంతో క్రమశిక్షణగా గడిచేది. తోపులాట లేదు, పప్పు మరకల్లేవు. కళావతి ఆ నిశ్శబ్దంలో కూర్చుని, ఎందుకో తెలియకుండానే హ్యాండ్‌బ్యాగులో తాళంచెవి తడుముకునేది.

ఇలా ఉండగా ఏడో తరగతి సంతోషి బడికి వచ్చింది.

సంతోషి తల్లి జీడిపప్పు బట్టీలో పనిచేస్తుంది. లక్క ముద్ర పడకముందు శనివారం ఆ పిల్ల బీరువాలోంచి 'ఉప్పుటేరు దీపం' అనే పుస్తకం పట్టుకెళ్లింది. వెళ్లిన మర్నాడే ఒంటి మీద అమ్మవారు పోసింది. అది తగ్గీతగ్గగానే తల్లి పిల్లని అమ్మమ్మగారి ఊరు పంపించింది. అక్కడ కామెర్లు పట్టుకున్నాయి. అన్నీ నెమ్మదించి, చిక్కి సగమై, సంచిలో ఆ పుస్తకం పెట్టుకుని బడికొచ్చింది. మధ్యాహ్నం భోజనాలవగానే బుద్ధిగా కళావతి ముందుకొచ్చి నిలబడింది.

"మేడమ్, పుస్తకం ఇచ్చేద్దారని తెచ్చినాను. బీరువాకి ఏటో అంటించీసారు. ఎక్కడ ఎట్టమంటారు?"

కళావతి చుట్టూ చూసింది. "చదివావా?" అంది గొంతు తగ్గించి.

"సదివినాను మేడమ్! ఎంత బాగుందో! మజ్జాన్నం అన్నాల కాడ అందరికీ చెప్పీసాను. ఇంకా కొంచెం మిగిలిపోనాది. మంచం మీద సదివితే కళ్లు పోతాయని అమ్మమ్మ లాగీసుకుంది."

ఆ మాట కూర్మారావు గారి చెవిన పడేసరికి ఆయన కుర్చీలో కూలబడ్డాడు. చదవడం ఒక నేరమైతే, చదివింది పదిమందికి చెప్పడం ఇంకో నేరం. భోజనాల వరసలో కూర్చున్న ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఇప్పుడు ఆ కథ ఎంతో కొంత తెలుసు. ఇన్ని నెలల పరిశోధన ఒక్క పూటలో మైలపడిపోయింది. ఆయన పుస్తకాన్ని గుడ్డలో చుట్టి, దాని మీద కూడా లక్క పోసి, పైకి ఫోన్ చేశాడు.

విచారణ జరుగుతుందని కబురొచ్చింది. ఆరోపణ: ముందస్తు పఠనం. రుజువైతే విద్యార్థినికి పదో తరగతి అయ్యేదాకా పఠన అనర్హత. అంటే ఏ మండలిలోనూ చేరకూడదు, ఏ పుస్తకమూ ముట్టకూడదు. ఆ సంగతి టీసీలో కూడా రాస్తారు.

సంతోషి తల్లి పని మానుకుని పరిగెత్తుకొచ్చింది. జీడిగింజల జిగురుకి నల్లబడ్డ చేతులు కొంగులో దాచుకుని కళావతి ముందు నిలబడింది.

"మా పిల్ల ఏటి దొంగతనం సేసినాదమ్మా?"

"దొంగతనం కాదమ్మా. పుస్తకం చదివింది."

ఆవిడకి అర్థం కాలేదు. "సదువుకోడానికే కదమ్మా బడికి అంపినాను?"

"నేనున్నాను, నువ్వు భయపడకు" అని మాత్రం అంది కళావతి. ఆ తల్లి వెళ్లిపోయాక, ఆ బీరువాకి లక్క పోసింది తన చెయ్యే కదా అనిపించింది టీచరుకి.

విచారణ రోజున స్టాఫ్ రూములో బల్ల వేసి తెల్లగుడ్డ పరిచారు. మధ్యలో భానోజీరావు గారు, పక్కన కూర్మారావు గారు. బల్ల మీద గుడ్డలో చుట్టిన పుస్తకం. ఎదురుగా సంతోషి, ఆ పిల్ల వెనకే కళావతి. కిటికీ అవతల పిల్లలు, వాళ్ల వెనక వంటవాళ్లు.

"విచారణాంశం సున్నితమైనది" అని మొదలుపెట్టారు భానోజీరావు గారు. "పుస్తకం ఈమె వద్ద ఉన్నది నిజమే. అయితే వద్ద ఉంచుకొనుట వేరు, చదువుట వేరు. మన రాష్ట్రంలో పుస్తకాలు వద్ద ఉంచుకొన్నవారు చాలామంది గలరు. ఏమ్మా పాపా, నువ్వు చదివినట్టు రుజువేమిటి?"

"కథ చెప్తాను సార్" అంది సంతోషి.

కూర్మారావు గారు గొణిగాడు. "చెప్పింది సరో కాదో పోల్చుకోవాలంటే పుస్తకం తెరవాలి కదండీ. మనం తెరిస్తే..."

"తెరవనక్కర్లేదు. పొంతన ఉందో లేదో విని నిర్ధారిస్తాం. చెప్పమ్మా."

సంతోషి గొంతు సవరించుకుంది. మొదట కాస్త బెదురుగానే మొదలుపెట్టింది. సముద్రం ఒడ్డున ఒక పల్లె. అక్కడ ముత్యాలు అని ఒక పిల్ల. తల్లి లేదు, తండ్రి చేపలకి పోతాడు. పల్లె చివర దీపస్తంభం. దాని దీపం చూసే పడవలన్నీ ఒడ్డుకి చేరాలి. ఆ దీపం కాచే తాతకి ఎవరితోనూ మాటల్లేవు, ఎవరినీ పైకి రానివ్వడు.

"ఆ పొద్దు తుపాను పట్టీసింది సార్. నాన్న పడవ సముద్దరం మీదే ఉండిపోనాది. ముత్యాలు గుమ్మంలోంచి చూసిందా... దీపం లేదు! చీకటి!"

"లేదా?" అన్నాడు కూర్మారావు గారు.

"లేదు సార్. పల్లెలో ఆడోళ్లందరూ గుండెలు బాదుకుంటన్నారు. ముత్యాలు వానలో పరిగెట్టింది. ఆ స్తంభం లోపల మెట్లు గుండ్రంగా తిరిగి తిరిగి పైకెళ్తాయి. ఎక్కింది. పైన తలుపు. లోపల గడియ. తలుపు బాదింది. ఎవరూ తియ్యలేదు. చెవి ఆనించిందా... లోపల ఎవరో దగ్గేరు."

కిటికీ దగ్గర వంటావిడ "అయిబాబోయ్" అంది. భానోజీరావు గారి కలం బల్ల అంచు నుంచి దొర్లి కింద పడింది. ఆయన తీసుకోలేదు.

"ముత్యాలు, ఎవరు లోపల అని గట్టిగా అరిచింది. అప్పుడు లోపల్నుంచి ఒక గొంతు, 'ముత్యాలూ, నువ్వా' అని పిలిచింది సార్. ఈ పిల్ల పేరు దానికెలా తెలుసు?"

"ఎలా తెలుసు?" అన్నారు భానోజీరావు గారు.

"నాకు తెలీదు సార్. అక్కడికే అమ్మమ్మ లాగీసుకుంది."

అందరి కళ్లూ బల్ల మీది గుడ్డమూట మీదకి వెళ్లాయి.

"విచారణ అసంపూర్ణంగా ముగించరాదు" అన్నారు భానోజీరావు గారు.

"పడవ సంగతి కూడా తేలలేదండీ" అన్నాడు కూర్మారావు గారు. "పాపం, ఆ తండ్రి..."

కళావతి ఇంతసేపూ నిలబడే ఉంది. ఉద్యోగంలో చేరిన్నాటి నుంచీ పై అధికారికి ఎదురు చెప్పిన మనిషి కాదు. కానీ సంతోషి భుజం మీద చెయ్యి వేసి, నెమ్మదిగా అంది.

"సార్, చిన్న సందేహం. ఎంపికకు ముందు చదివినా నేరమే, చదివినవాళ్ల దగ్గర విన్నా నేరమే కదండీ. భోజనాల దగ్గర విన్న పిల్లలందరూ మైలపడ్డారని హెడ్మాస్టరు గారు పైకి చెప్పారు. ఇప్పుడు మనం కూడా విన్నాం. మన ముగ్గురికీ అనర్హతేనా?"

రిటైరు కాబోయే ముందు ఇదేమిటన్నట్టు కూర్మారావు గారు పై అధికారి వైపు చూశాడు. పై అధికారి చాలాసేపు పైకప్పు వైపు చూశారు.

"కాదు" అన్నారు చివరికి. "మనం విన్నది పఠనం కాదు, విచారణ. విచారణలో భాగంగా పుస్తకాంశాలు చెప్పుట, వినుట, పరిశీలించుట నిషేధ పరిధిలోకి రావు."

"అయితే ఈ పిల్ల తన స్నేహితులకి చెప్పింది కూడా..."

"అది ప్రాథమిక విచారణ" అన్నారు ఆయన గబగబా. "విద్యార్థులు తమ స్థాయిలో జరుపుకొన్నారు. తప్పులేదు. హెడ్మాస్టరు గారూ, విచారణ కొనసాగింపులో భాగంగా ఆ లక్క పగలగొట్టండి."

కూర్మారావు గారు పేపర్‌వెయిట్‌తో లక్క పగలగొట్టాడు. పుస్తకం సంతోషి చేతికిచ్చారు. ఆ పిల్ల పేజీ వెతుక్కుని నిలబడి చదివింది. ఇప్పుడు గొంతులో బెదురు లేదు. కిటికీలో పిల్లలు ఇంకాస్త ముందుకి జరిగారు.

తలుపు తీసింది దీపం కాచే తాతే. ముత్యాలు అడుగుల చప్పుడూ, పల్లెవాళ్లు ఆ పిల్లని పిలిచే పిలుపూ రోజూ కింద వింటాడు గనక పేరు తెలుసు. చూపు పోయి ఏళ్లయింది. ఆ సంగతి ఎవరికైనా తెలిస్తే ఉద్యోగం తీసేస్తారని పైకి ఎవరినీ రానివ్వడు. చేత్తో తడుముకుని దీపం వెలిగించుకోవడం అలవాటైపోయింది. ఆ రాత్రి గాలికి దీపం ఆరింది. ఆరినట్టు ఆయనకి తెలియదు. దీపం పక్కనే కూర్చుని కాపలా కాస్తున్నాడు.

"దీపం ఆరిపోయింది తాతా, అంది ముత్యాలు" అని చదివింది సంతోషి. "లేదమ్మా, వెలుగుతోంది, నేనిక్కడే ఉన్నానుగా, అన్నాడు తాత. ముత్యాలు ఆయన చెయ్యి పట్టుకుని దీపం అద్దం మీద పెట్టింది. అద్దం చల్లగా ఉంది."

ఆపైన దీపం వెలగడం, పడవలు రావడం, అన్నిటికన్నా ఆఖరున ముత్యాలు నాన్న పడవ రావడం సంతోషి చదువుతుంటే వంటావిడ బాహాటంగా ఏడ్చింది. కూర్మారావు గారు ముక్కు చీదుకున్నాడు. భానోజీరావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. ఆ తర్వాత ఎవరి ముఖమూ చూడకుండా తీర్పు చెప్పారు: విద్యార్థిని పుస్తకం పూర్తిగా చదవకుండానే తిరిగి ఇచ్చినందున ముందస్తు పఠనం రుజువు కాలేదు. పుస్తకాల విషయంలో అనుమానం కలిగినప్పుడు పాఠశాల స్థాయిలో విచారణ జరుపుకొనవచ్చును.

సంతోషి తల్లి ఆ సాయంత్రం కళావతికి ఇంత జీడిపప్పు పొట్లం కట్టి తెచ్చింది. వద్దన్నా వినలేదు.

మరుసటి శనివారం ఆఖరి పీరియడులో పిల్లలు మామూలుగా గాజు తలుపుల ముందు చేరారు. ఎనిమిదో తరగతి మండలి నాయకురాలు మాత్రం తిన్నగా కళావతి దగ్గరికొచ్చింది.

"మేడమ్, రెండో అరలో ఆ నీలం అట్ట పుస్తకం మీద మాకు అనుమానంగా ఉందండీ."

"ఏం అనుమానమే?"

"బాగుంటుందేమోనని."

కళావతి పకపకా నవ్వబోయి తమాయించుకుంది. గంభీరంగా వెళ్లి హెడ్మాస్టరు గారికి విన్నవించింది. నిబంధన ఉంది గనక కూర్మారావు గారు కాదనలేకపోయాడు. లక్క పగిలింది. నీలం అట్ట పుస్తకాన్ని మండలి మొత్తం కలిసి విచారించింది. అందులో ఏముందో, ఎందుకుందో, అలా కాక ఇంకోలా జరిగితే ఏమయ్యేదో సాయంత్రం గంట కొట్టేదాకా పోట్లాడుకున్నారు. ఆ పక్క వారం ఇంకో రెండు పుస్తకాల మీద ఫిర్యాదులొచ్చాయి. ఏ పుస్తకం మీద ఫిర్యాదు చెయ్యాలో తేల్చుకోవడానికి పిల్లలు ముందుగా అన్నీ తిరగేసి చూడటం మొదలుపెట్టారు. ఆధారం లేకుండా ఆరోపణ చెయ్యకూడదు కదా మరి.

సంక్రాంతి సెలవులు దాటేసరికి, జిల్లాలోకెల్లా అత్యధిక పఠన కేసులు నీలాద్రివలసలోనే నమోదవుతున్నాయని పైన గగ్గోలు పుట్టింది. కఠినమైన ఉత్తర్వు వచ్చింది. పుస్తకం సగంలో ఆపినవాళ్లు నేరం రుజువు కాకుండా తప్పించుకుంటున్నారు గనక, ఆరోపణ వచ్చిన ప్రతి విద్యార్థి చేతా ఉపాధ్యాయుల పర్యవేక్షణలో ఆఖరి పేజీ వరకూ చదివించవలెను. ఆ ఉత్తర్వుని కూర్మారావు గారు తన సర్వీసులోనే ఎన్నడూ లేనంత నిక్కచ్చిగా అమలు చేశాడు.

ఒక శనివారం స్కూలు ముందు జీపు ఆగింది. భానోజీరావు గారు ఆకస్మిక తనిఖీకి వచ్చారు. కళావతి కంగారుగా లేస్తుంటే, "కూర్చోండి కూర్చోండి, నన్ను పట్టించుకోవద్దు" అని వెనక బెంచీలో ఒదిగి కూర్చున్నారు. "ఇవాళ ఏ పుస్తకం మీద విచారణ?" అని పక్కనున్న సంతోషిని గుసగుసగా అడిగారు.

అంతలో ముందు వరసలోంచి ఆరో తరగతి పిల్లొకతె చెయ్యెత్తింది. కొత్తగా బడిలో చేరింది. అందరి మీదా కేసులున్నాయి, తన మీద ఒక్కటీ లేదని ఉదయం నుంచీ మూతి ముడుచుకుని ఉంది.

"మేడమ్, నా మీద కూడా కేసు పెట్టండి."

"నువ్వేం చదివావే?"

"ఇంకా ఏటీ సదవలేదు మేడమ్" అంది ఆ పిల్ల. "ఏది సదివితే పెద్ద నేరమో చెప్పండి, అది సదువుతాను."